ఆడగొంతుకి అరనక్షత్రం

ముందే చెప్పేస్తున్నాను, నేను సంగీతం చదువుకున్నదాన్ని కాను. బి.ఏ.లో తెలుగూ చరిత్రా చదివి, నాలుగు నవలలు రాసి, మిగతా టైమంతా వంటింట్లో పాడుకునే రకాన్ని. నా పాటకి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సమీక్షకుడు మా ఆయన. ఆయన సమీక్ష ఎప్పుడూ ఒకటే: "పాలు పొంగుతున్నాయి, చూసుకో." అటువంటిదాన్ని హిందీ సినిమా పాటల మీద తీర్పులు చెప్పబోవడం ఏమిటని మీకు అనిపిస్తే తప్పులేదు. కానీ చెవులున్నవాళ్లందరికీ ఆ హక్కు ఉందనుకుంటాను. గొంతున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ ఉందని నా వాదన.

ఈ గొడవంతటికీ కారణం మా మేనకోడలు. గిద్దలూరులో మా వదిన చెల్లెలి కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందురోజు సాయంత్రం 'సంగీత్' అన్నారు. మన పెళ్లిళ్లలో సంగీతం ఎప్పుడు లేదు గనకా! నలుగు పాట, అలక పాట, వియ్యపురాలిని ఏడిపించే పాట, అందరినీ ఏడిపించే అప్పగింతల పాట. ఆ సంగీతం పోయి సంగీత్ మిగిలింది. చివరి సున్నాతో పాటు పాడేవాళ్లు కూడా పోయారు. ఇప్పుడు సంగీత్ అంటే పాడ్డం కాదు, డీజే వేసిన పాటకి వరసగా నిలబడి ఎగరడం. మా మేనకోడలు మాత్రం, "నేను ఎగరను, పాడతా" అని పట్టుబట్టింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. గొంతు బాగుంటుంది. నా పోలిక అని నేనంటాను, తన పోలిక అని మా వదినంటుంది.

పిల్ల ఎంచుకున్న పాట 'సయ్యారా' సినిమాలోది. 2025 జూలైలో వచ్చిన ఆ సినిమా టైటిల్ పాట సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. స్పాటిఫై వాళ్ల ప్రపంచ పట్టికలోకి ఎక్కిన పాట. మా మార్కాపురంలో పాలప్యాకెట్లు వేసే కుర్రాడి జేబులో అదే, కంభం మీదుగా గిద్దలూరు పోయే బస్సులో ముందు సీటూ వెనక సీటూ అదే. హిందీ ఒక్క ముక్క రాని వాళ్లు కూడా కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. బాణీ బాగుంది, కాదనను. తనిష్క్ బాగ్చీతో పాటు కాశ్మీరు కుర్రాళ్లు ఫహీమ్ అబ్దుల్లా, అర్సలాన్ నిజామీ కట్టారు. మాటలు ఇర్షాద్ కామిల్‌వి. పాడింది ఆ ఫహీమ్ అబ్దుల్లాయే.

రెండ్రోజులు సాధన చేసి మూడో రోజు పిల్ల ఏడుపు మొహంతో మా ఇంటికొచ్చింది.

"అత్తా, కుదరట్లేదు. కింద పాడితే నూతిలోంచి మాట్లాడినట్టుంది. పైన పాడితే పోట్లాటకి పోయినట్టుంది."

మా వీధి చివర పిల్లలకి కర్ణాటక సంగీతం చెప్పే టీచరమ్మ ఉంది. ఇద్దరం వెళ్లి అడిగాం. ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. మగవాళ్లు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు. ఆడవాళ్లకి ఐదు, ఐదున్నర కావాలి. మగవాడి గొంతుకి కొలత తీసి కుట్టిన పాట ఇది, అదే కొలతతో ఆడపిల్ల వేసుకుంటే భుజాలు జారిపోతాయి, చేతులు పట్టేస్తాయి. "పిల్ల తప్పేం లేదమ్మా, జాకెట్టు తప్పు" అంది. ఫోన్లో ట్రాక్ శ్రుతి మార్చే ఏర్పాటు ఉందట. మార్చి చూశాం. గిటారు కాస్తా చెవి దగ్గర దోమలా పాడింది.

"అయితే ఈ పాట ఆడవాళ్లెవరూ పాడలేదూ?" అన్నాను.

"పాడారత్తా. శ్రేయా ఘోషల్ పాడింది. రీప్రైజ్ అని వేరే ఉంది."

"రీప్రైజ్ అంటే?"

పిల్ల కాస్త ఆలోచించి, "మళ్లీ పాడిందీ అని" అంది.

మళ్లీ పాడిందిట! అయిదు జాతీయ అవార్డులు పుచ్చుకున్న గాయనికి దక్కింది రెండో వాయి. ముందు వాయి మగవాళ్లు తిని లేచాక మూకుడులో మిగిలిన నూనెతో వేయించింది. ఆ పూట నుంచి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి గానీ, ఒళ్లు మండిన మాట నిజం. ఇంకా మండింది సినిమా కథ తెలుసుకున్నాక.

ఆ కథలో అమ్మాయి పేరు వాణి. వాణి అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఆ వాణి రాస్తుంది. పాటల్లోని మాటలు ఆ పిల్ల డైరీలోవి. అబ్బాయి వాటిని పాడి పెద్ద గాయకుడవుతాడు. ఆ తర్వాత ఆ పిల్లకి మరుపు జబ్బు వచ్చి తను రాసిందే తను మర్చిపోతుంది. కథగా కన్నీళ్లు పెట్టించేదే, నేనూ రెండుసార్లు కొంగు తడుపుకున్నాను. కానీ కొంగు ఆరాక ఆలోచిస్తే ఏం కనపడుతోందీ? కథలో రాసేది ఆడపిల్ల, పాడేది మగవాడు. బయట టైటిల్ పాటకి మాటలు రాసిందీ మగవాడే, కట్టిందీ మగవాళ్లే, పాడిందీ మగవాడే. వాణి అని పేరు పెట్టి వాణి లేకుండా చేశారు. అదే సినిమాలో ఇంకో పాట జుబిన్ నౌతియాల్ పాడితే, దానికి కూడా ఒక రీప్రైజ్ ఉంది. అది శిల్పా రావుకి ఇచ్చారు. ఇద్దరు గొప్ప గాయనులు, ఇద్దరికీ రెండో వాయే.

ఈ దర్శకుడికి ఇది కొత్త కూడా కాదు. 2013లో ఇదే మోహిత్ సూరి 'ఆషికీ 2' తీశాడు. అందులో అమ్మాయి గొప్ప గాయని, అబ్బాయి తాగి తాగి గొంతు పోగొట్టుకుంటున్నవాడు. కథ ప్రకారం ఊరంతా ఆ అమ్మాయి పాట పాడుకోవాలి కదా? ఊరంతా పాడుకున్నది అర్జీత్ సింగ్ పాట! శ్రేయా ఘోషల్‌కి అప్పుడూ ఒక పాటకి 'ఫిమేల్ వెర్షన్' ఇచ్చారు. పన్నెండేళ్లలో మారిందల్లా పేరు. వెర్షన్ పోయి రీప్రైజ్ అయింది.

సినిమావాళ్ల సంగతి పోనీండి. వాళ్లు డబ్బుల కోసం తీస్తారు. నా తగువు సమీక్షలు రాసేవాళ్లతో. కొత్త హిందీ ఆల్బమ్ వచ్చిన రెండో రోజుకి పేపర్లలో, ఫోన్లలో పుంఖానుపుంఖంగా సమీక్షలు వచ్చేస్తాయి. చదివారా ఎప్పుడైనా? ఒక పాట "మనసుని హత్తుకుంటుంది." ఇంకోటి "హాయిగా సాగుతుంది." మూడోది "డాన్స్ ఫ్లోర్‌ని ఊపేస్తుంది." నాలుగోది "వినగా వినగా నచ్చుతుంది", అంటే బాగాలేదని చెప్పడానికి మొహమాటం అన్నమాట. గిటారు ఎక్కడ మొదలైంది, డ్రమ్ము ఎక్కడ విరిగింది, పాత బాణీ ఏ సినిమా నుంచి ఎత్తుకొచ్చారు, అన్నీ రాస్తారు. చివర మూడున్నర నక్షత్రాలు. ఆ అర నక్షత్రం ఎందుకు తగ్గిందో దేవుడికెరుక. కానీ ఆరు పాటల్లో ఆడగొంతు ఎంతసేపుంది, ఉన్నచోట ఏం చేస్తోంది, మాట చెబుతోందా ఊరికే 'ఆ ఆ' అంటోందా అని అడిగిన సమీక్ష నా కంట పడలేదు. రీప్రైజ్ గురించైతే ఆఖరి వాక్యం, "ఆడగొంతులో కూడా ఈ పాట బాగుంది" అని. కూడా! ఆ 'కూడా' చూశారూ, అందులో ఉంది కిటుకంతా.

పాటలు వినేవాళ్లలో సగం మంది మనమే కదా? కూర తరుగుతూ వినేది మనం, పిల్లల్ని నిద్రపుచ్చుతూ అదే బాణీని జోలపాట చేసేది మనం. చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, కంప్యూటరు ముందు కూర్చుని, రాత్రికి రాత్రి ఆరు పాటలూ విని తెల్లారేసరికి నక్షత్రాలు పంచేవాళ్లకి పాట వినడానికే తప్ప పాడ్డానికి పనికొస్తుందని తట్టదు కాబోలు. పాట పనికొచ్చేది పాడుకున్నప్పుడు. ఇంకొకరి నోట్లో ఇమిడితేనే అది బతుకుతుంది.

నేను చిన్నప్పుడు మా ఇల్లు పలకల షెడ్డుకి దగ్గర్లో ఉండేది. మార్కాపురం పలకలంటే తెలియనివాళ్లెవరు? మీరూ నేనూ అ ఆలు దిద్దినవి ఆ రాళ్ల మీదే. షెడ్డులో ఆడవాళ్లు పలకలు అరగదీస్తూ, చెక్క ఫ్రేములు బిగిస్తూ పాడుకునేవాళ్లు. 'మైనే ప్యార్ కియా' 1989 చివర్లో వచ్చింది. తెలుగులోకి 'ప్రేమ పావురాలు' అయి దిగింది. ఇంకో నాలుగైదేళ్లకి, 1994లో, 'హమ్ ఆప్‌కే హై కౌన్' వచ్చి 'ప్రేమాలయం' అయింది. అప్పుడు నేను పదో తరగతి. పద్నాలుగు పాటలు! క్యాసెట్ తిప్పి తిప్పి వేస్తే టేపు సాగి లతా మంగేష్కర్ గొంతు మగగొంతు అయ్యేది. ఆ రెండు సినిమాల్లోనూ లత పక్కన హిందీలో పాడింది మన బాలసుబ్రహ్మణ్యమే అని మా ఊళ్లో అందరికీ సొంత మేనమామ పాడినంత గర్వం. నెల తిరక్కుండా షెడ్డులో ఆడవాళ్లు ఆ బాణీలకి సొంత మాటలు కట్టేశారు. హిందీవీ కాదు, తెలుగు సినిమావీ కాదు. మేస్త్రి మీద ఒకటి, రాని జీతం మీద ఒకటి, తాగొచ్చే మొగుడి మీద ఒకటి. బాణీ వాళ్ల గొంతుల్లో ఇమిడింది గనక కట్టగలిగారు. అంతకంటే గొప్ప సమీక్ష ఏ పత్రిక రాసింది చెప్పండి.

మా పక్కింట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబం ఉండేది. ఖాలా అని పిలిచేవాళ్లం ఆవిణ్ణి. వివిధ భారతి ఆవిడ ఇంట్లో పొద్దున మొదలైతే మేం బడి నుంచి వచ్చేసరికి కూడా మోగుతూనే ఉండేది. ఇంకా వెనకటి రోజుల్లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా వచ్చేదని, ఆ వారం మొదటి స్థానం ఏ పాటకో వినేదాకా అన్నం పెట్టేదాన్ని కాదని చెప్పేది. ఆయన 2024 ఫిబ్రవరిలో పోయారని చదివినప్పుడు నాకు ముందు ఖాలాయే గుర్తొచ్చింది. హిందీ పాటలోని ఉర్దూ మాటలకి అర్థం చెప్పింది నాకు ఆవిడే. రేడియోలో ఒక మర్యాద ఉండేది, గమనించారా? పాటకి ముందు సినిమా పేరు, రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని వరసగా చదివేవారు. మార్కాపురం ఆకాశవాణిలో కూడా అలాగే విన్నాను. ఇప్పుడు ఫోన్లో పాట పెడితే కనపడేది హీరో మొహం. రాసినవాడి పేరు కావాలంటే మూడు చుక్కలు నొక్కి, కిందికి జరిపి, కళ్లజోడు పెట్టుకోవాలి. ఇంత కష్టపడి చూస్తే అందులో ఆడపేరు దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

ఇదంతా చదివి, 'ఇదిగో, పాతరోజులే బంగారం అని మొదలెట్టింది' అని నవ్వుకుంటున్నారు కదూ? కాదండీ. పాతరోజుల్లోనూ మాటలు రాసింది మగవాళ్లే. మన బాధలు, మన విరహాలు, మన సిగ్గులు అన్నీ వాళ్లే ఊహించి రాసేశారు. మనం నిజంగా అలాగే సిగ్గుపడతామని నమ్మి అలాగే పడటం నేర్చుకున్నాం కూడా. సంగీతం కట్టినవాళ్లలో, బాంబే టాకీస్ రోజుల్లో, 1936 'అఛూత్ కన్య'కి సరస్వతీ దేవి ఉన్నారు. 1959లో 'దిల్ దేకే దేఖో'తో ఉషా ఖన్నా వచ్చారు. ఆ తర్వాత పేర్లు వెతకడానికి టార్చిలైటు కావాలి. కాకపోతే అప్పట్లో ఒకటుండేది. మాట వాళ్లదైనా గొంతు మనదిగా ఉండేది. క్యాసెట్‌లో సగం పాటలు ఆడవాళ్లవి. యుగళగీతమైతే సగం చరణం మనది. 1990లో మొదటి 'ఆషికీ' వచ్చినప్పుడు అనురాధా పౌడ్వాల్ గొంతు కుమార్ సానూ గొంతుతో భుజం భుజం కలిపి నడిచింది. ఇప్పుడు మాటతో పాటు గొంతు కూడా పోతుంటే నేను ఊరుకోలేకపోతున్నాను. అంతే.

కథలు మారాయండీ, సినిమాలో మగవాడి గోడే ఎక్కువైంది, పాటలూ అలాగే వస్తాయి అంటారు కొందరు. నిజమే. 2023లో 'యానిమల్' వచ్చింది. తీసింది మన వరంగల్ అబ్బాయి సందీప్ రెడ్డి వంగా. అరడజను మందికి పైగా సంగీత దర్శకులు కలిసి కట్టిన ఆ ఆల్బమ్‌లో ఆడగొంతు కోసం పప్పులో రాయి ఏరినట్టు ఏరుకోవాలి. కానీ ఇదే సందీప్ రెడ్డి 2017లో తీసిన 'అర్జున్ రెడ్డి'లో పాటలు రాసినవాళ్లలో శ్రేష్ఠ అనే అమ్మాయి ఉంది. అంత మగ సినిమాకి ఒక ఆడపిల్ల మాటలు రాయగలిగిందంటే కథ అడ్డు రాదన్నమాట. అదే 2017లో హిందీలో 'సీక్రెట్ సూపర్‌స్టార్' వచ్చింది. బురఖా వేసుకుని పాడే పిల్ల కథ. పాటలన్నీ కౌసర్ మునీర్ రాసింది. పాడిన మేఘనా మిశ్రా కూడా చిన్నపిల్లే. అమిత్ త్రివేది కట్టిన ఆ బాణీలు మా మేనకోడలు చిన్నప్పుడే ఏ ట్రాకూ లేకుండా పాడేసేది. ఎందుకంటే జాకెట్టు దానికి సరిపోయేలా కుట్టారు!

శిల్పా రావుకి జాతీయ అవార్డు రాలేదా అనొచ్చు మీరు. వచ్చింది. 2023 సినిమాలకి 2025 ఆగస్టులో ప్రకటించిన అవార్డుల్లో, 'జవాన్'లో పాడినందుకు ఉత్తమ గాయని ఆవిడే. జంషెడ్‌పూర్‌లో పుట్టిన మన తెలుగింటి పిల్ల. పేపర్లో చదివి నేను మా ఆయనకి పాయసం చేసిపెట్టాను. అవార్డు తెచ్చిన ఆ పాట కూడా అర్జీత్ సింగ్‌తో కలిసి పాడిన జంటపాట. నాకు అభ్యంతరం లేదు, జంటలో సగం వాటా ఇచ్చారు. కానీ అంత గొంతున్న మనిషికి అదే ఏడాది, ఆ మరుసటేడాది ఎన్ని సొంత పాటలిచ్చారో సమీక్షకులు లెక్కతీసి రాస్తే బాగుండును. అవార్డులకి మాత్రం ఉత్తమ గాయని అని వేరే పీట వేస్తారు. ఏడాది పొడవునా ఆ పీట మీద కూర్చోబెట్టడానికి పాటలుండవు.

తెలుగు పాటల సంగతేమిటని అడుగుతారు. మన ఇల్లు మనం ఊడ్చుకోవద్దూ? ఊడ్చుకోవాలి. 1995లో 'తాజ్‌మహల్'కి ఎం.ఎం. శ్రీలేఖ సంగీతం కట్టింది. ముప్ఫయ్యేళ్లయింది. ఆవిడ పక్కన నిలబెట్టడానికి ఇంకో పేరు చెప్పమంటే నేనూ మీరూ ముక్కు గోక్కోవాల్సిందే. దాని మీద వేరే రాస్తాను. ఈ సంపాదకులు వేసుకుంటే.

సమీక్షకుల్ని నేను అడిగేది పెద్దదేం కాదు. కొత్త ఆల్బమ్ మీ చేతికొచ్చినప్పుడు ముందు మీ ఇంట్లో ఒక ఆడమనిషికి వినిపించండి. అమ్మో, అక్కో, పని చేసిపెట్టే ఆవిడో, ఎవరైనా సరే. పాడమనండి. పాడగలిగిందా? ఏ శ్రుతిలో? చరణం దాకా వెళ్లిందా, అసలు చరణం ఉందా, పల్లవినే నాలుగుసార్లు తిప్పి వదిలారా? మాటల్లో ఆమె ఉందా, ఆమె నడుమే ఉందా? ఇవి రాయండి. ఆ తర్వాత మీ గిటార్లూ డ్రమ్ములూ రాసుకోండి, ఎవరొద్దన్నారు. రీప్రైజ్ ఉంటే, 'ఇదే ముందు ఎందుకు రాలేదు' అని ఒక్కసారి అడగండి. మీరు అడగరు గనకే వాళ్లు ఇవ్వరు. మార్కాపురంలో కూర్చుని నేనడిగితే బొంబాయిలో ఎవరికి వినపడుతుంది? నక్షత్రాలు మీ చేతిలో ఉన్నాయి, ఆడగొంతు లేని ఆల్బమ్‌కి ఒకటి కోసేయండి. ఒక నక్షత్రం తగ్గితే వాళ్ల అమ్మకాలు తగ్గుతాయో లేదో గానీ, ఎందుకు తగ్గిందని అడిగేవాళ్లుంటారు.

గిద్దలూరు సంగతి చెప్పి వదిలేస్తాను. సంగీత్ రోజు సాయంత్రం కల్యాణమండపంలో డీజే కుర్రాడు పిల్ల ఇబ్బంది విని, చాలా మంచివాడిలా ఒక ఉపాయం చెప్పాడు.

"అక్కా, ఒరిజినల్ వేసేస్తా. మీరు మైకు పట్టుకుని పెదాలు కదపండి చాలు. ఎవరికీ తెలీదు."

మా మేనకోడలు మైకు అయితే పుచ్చుకుంది గానీ ట్రాక్ ఆపేయమంది. టీచరమ్మ తన ఫోన్లో ఐదున్నర శ్రుతి పెట్టి పట్టుకుంది. ఆ శ్రుతి మీద పాట మొత్తం, రెండు చరణాలూ, ఒంటిగొంతుతో పాడింది. మొదట్లో కుర్రకారు ఎగరడానికి వీల్లేదని గొణిగారు. రెండో చరణానికి వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. పెళ్లికూతురి నాయనమ్మకి హిందీ రాదు, పాట అయ్యాక పిల్లని దగ్గరకి పిలిచి, "ఏడుపు పాటేనా అమ్మీ? అట్లనే ఉంది" అని బుగ్గలు నిమిరింది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ఆవిడే ఒక నలుగు పాట ఎత్తుకుంది. డీజే కుర్రాడు బిక్కమొహం వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

మర్నాడు ఎవరో తీసిన ఆ వీడియో మా ఇంటివాళ్ల వాట్సాప్ గుంపులో పడింది. మా అన్నయ్య, స్వయానా పిల్ల తండ్రి, చప్పట్ల బొమ్మలు నాలుగు పెట్టి, "ఫిమేల్ వెర్షన్ సూపర్" అని రాశాడు.

పిల్ల వెంటనే జవాబు పెట్టింది: "మేల్ వెర్షన్ నువ్వు పాడి పంపు నాన్నా, విందాం."

అన్నయ్య చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంతవరకూ జవాబు లేదు.